మానిన అరచేతులు

రివ్యూ తేదీ దాటి వారమైనా ఆయన రాలేదు. ఇక ఊరుకోలేక ఫోన్ చేసినాను. అవతల ఫోన్ ఎత్తిన చప్పుడు వినపడగానే అందుకున్నాను. "ఏమన్నా, బుద్ధుందా నీకు? చీటీ మీద తేదీ రాసిచ్చింది దేనికి, పొట్లం కట్టుకోడానికా? డాక్టరు గారు రెండుసార్లు అడిగినారు. నేనేం చెప్పాల ఆయనకి?" అని ఊపిరి తిప్పుకోకుండా తిట్టినాను. అవతల ఉలుకూ పలుకూ లేదు. అది మా ఇద్దరికీ అలవాటే. నేను తిట్టాల్సిందంతా తిట్టినాక "అయిపోయిందా సిస్టరమ్మా?" అంటాడు. ఆ మాట కోసమే ఆగినాను. ఆడమనిషి గొంతు వచ్చింది.

"ఆయన పోయి పది రోజులైందమ్మా."

అంతే. "అయ్యో" అని కూడా అనకుండా ఫోన్ పెట్టేసినాను. భర్త పోయిన మనిషిని పట్టుకుని బుద్ధుందా అని అడిగినదాన్ని నేను. మళ్ళీ చేసి క్షమించమని అడగొచ్చు కదా, అదీ చెయ్యలేదు. ఆ రోజంతా మిషన్ దగ్గర ఒక మనిషిని రెండుసార్లు, ఇంకో మనిషిని మూడుసార్లు పేరు అడిగినాను. నా కింద కొత్తగా చేరిన పిల్ల టెక్నీషియన్ "మేడం, ఇంటికి పోండి, నేను చూసుకుంటాలే" అనింది. దాన్ని కూడా తిట్టినాను.

నేను నెల్లూరులో ఒక ఆసుపత్రిలో కరెంటు పెట్టే మిషన్ నడుపుతాను. ఇంట్లో బల్బు వెలిగే కరెంటు కాదు, క్యాన్సర్ గడ్డల్ని కాల్చే రేడియేషన్. మా దగ్గరికొచ్చే జనం దాన్ని కరెంటనే అంటారు, నేనూ అట్టనే అంటాను. నా నోరు మంచిది కాదని ఆసుపత్రి మొత్తానికి తెలుసు. మా అమ్మ కూడా అనేది, "నీ నోటికి జడిసి జబ్బులే పారిపోవాల" అని. జబ్బులు పారిపోయింది లేదు గానీ, బల్ల మీద పడుకున్న మనిషిని నేను కదలొద్దంటే కదలడు. ఆయనొక్కడే కదిలేవాడు.

నేను సిస్టర్ని కాదని పదిసార్లు చెప్పుంటాను. "టెక్నీషియన్ని అన్నా, సూదులేసేవాళ్ళు వేరే." అంటే, "ఆ మాట నాకు నోరు తిరగదమ్మా. సిస్టరమ్మ అంటే ఇంట్లో మనిషిని పిలిచినట్టుంటాది" అనేవాడు. ఇక నేను వదిలేసినాను.

ఆయనది సూళ్ళూరుపేట దాటి, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊరు. పుట్టి బుద్ధెరిగింది మొదలు రొయ్యల వలా, నడుంలోతు నీళ్ళే. అరవైకి రెండేళ్ళు తక్కువ. మొదటి బస్సు పట్టుకుని వచ్చేవాడు. మా హాల్లో ముప్పై కుర్చీలుంటాయి, ఒక్కనాడూ కూర్చున్న పాపాన పోలేదు. "వెన్నులో గడ్డ పెట్టుకుని ఆ నిలబడేదేందయ్యా, కూర్చో" అంటే, "నీళ్ళల్లో కుర్చీలుండవు కదమ్మా" అనేవాడు. చేతులు కూడా ఊరికే ఉండవు. సెలైన్ గొట్టం ముక్క దొరికినా, చెప్పు నాడా దొరికినా దానికి ముడులు వేస్తా, విప్పతా ఉంటాడు. హాల్లో కిటికీకి దోమల జాలీ చిరిగి రెండేళ్ళయింది. ఫిర్యాదు రాసి రాసి నాకు విసుగు పుట్టింది. ఒకనాడు పొద్దున పోయి చూస్తే ఆ చిరుగంతా నైలాన్ దారంతో కన్ను కన్నూ కలిపి అల్లేసి ఉంది. "నిన్నెవరు చెయ్యమన్నారు?" అని అడిగితే, "దోమలు" అన్నాడు. నవ్వలేదు, మామూలుగానే చెప్పినాడు.

అప్పటికి ఆయన అరచేతులు ఎట్టున్నాయో చూసినవాళ్ళకి తెలుసు, ఆ పని ఎంత పనో.

రెండేళ్ళ ముందు ఆయనకి ఒక కిడ్నీ తీసేసినారు. అందులో పుట్టిన క్యాన్సర్ అప్పటికే బయటికి పాకింది. ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో చిన్న చిన్న మచ్చలు. దానికి రోజూ వేసుకునే మాత్ర ఇచ్చినారు. ఏడాది పైన ఆ మాత్ర అన్నిటినీ అణిచి పెట్టింది. తర్వాత రెండు మచ్చలు మాత్రం మాట వినడం మానేసినాయి, ఒకటి వెన్నుపూసలో, ఒకటి ఊపిరితిత్తిలో. మిగతావన్నీ అణిగే ఉన్నాయి. అప్పుడు మా డాక్టరు గారు ఆయన్ని ఎదురుగా నిలబెట్టుకుని (కూర్చోడు కదా) చెప్పినారు.

"మాత్ర ఒళ్ళంతా కాపలా కాస్తోంది. ఆ రెంటినీ గురిపెట్టి కరెంటుతో కాల్చేస్తాం. అంతమాత్రాన కాపలా ఎత్తెయ్యకూడదు. కరెంటు పెట్టే రోజుల్లో మాత్ర ఆపండి, అయిపోయిన వారానికి మళ్ళీ మొదలుపెట్టాలి. రెండూ కలిస్తేనే పని."

"అంటే వలకి చిక్కని రెంటిని గాలమేసి పట్టాల. అట్టని వల పీకేసుకోకూడదు. అంతేనా సార్?"

"అంతే" అన్నారు డాక్టరు గారు. ఇంత తేలిగ్గా డాక్టరు మాట పట్టుకున్న మనిషిని నేను చూడలేదు. అర్థం కాక తప్పు చేసినాడనడానికి లేదు, అందుకే ఇదంతా చెప్తున్నాను.

ఆ మాత్రతో వచ్చిన చిక్కు చేతులకి. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, పొక్కి, తోలు పొరలు పొరలుగా లేచిపోతాది. అందరికీ అంత రాదు, ఆయనకి వచ్చింది. పూత మందు రాసినా, మోతాదు తగ్గించినా కొంచెం నెమ్మదించడమే గానీ పూర్తిగా పోలా. ఆ చేతులు ఉప్పునీళ్ళల్లో పెడితే నిప్పుల్లో పెట్టినట్టే. "బొమ్మలకి కూడా చేతులుంటాయమ్మా, నావీ అట్టనే ఉండాయి ఇప్పుడు" అన్నాడు ఒకసారి. ఆయన బాధగా మాట్లాడింది నేను విన్నది ఆ ఒక్కసారే.

కరెంటు ఐదుసార్లు, రోజు మార్చి రోజు. ఇట్టాంటి గురి కరెంటుకి మనిషి ఒళ్ళు కదలకుండా ఒక పరుపు తయారుచేస్తాం. లోపల గాలి లాగేస్తే అది ఆ మనిషి ఒంటి అచ్చులాగా గట్టిపడిపోతాది. ప్రతిసారీ అందులో అట్టనే పడుకోవాల. ఊపిరితిత్తిలో గడ్డకైతే ఊపిరి కూడా బిగబట్టమంటాం. అందరూ పదిహేను సెకన్లకే ఆపసోపాలు పడతారు. ఈయన ఊపిరి బిగబడితే నేను "వదులు, వదలవయ్యా" అని మైకులో అరవాల్సి వచ్చేది. బయటికొచ్చి "ఇంకా ఉండింది సిస్టరమ్మా" అనేవాడు, బడిపిల్లోడు మార్కులు చెప్పినట్టు. ఊపిరి ఆపగలడు గానీ కాళ్ళు ఆపలేడు. బొటనవేళ్ళు ఆడతానే ఉంటాయి. చివరికి రెండు బొటనవేళ్ళూ కలిపి ప్లాస్టర్‌తో కట్టేసినాను.

మూడోసారి జరిగింది చెప్తాను. ఇప్పుడు తల్చుకున్నా నాకు ఒళ్ళు మండుతాది.

పేరు పిలిచినాను. ముఖం మీద తువ్వాలు కప్పుకుని, వంగి, చేతిలో ఫైలు పట్టుకుని వచ్చినాడు. "ఆఁ" అన్నాడు. ఆ రోజు ఏమో మనిషి నలిగినట్టున్నాడే అనుకుంటానే పరుపు మీద పడుకోబెట్టినాను. భుజం పరుపులో ఇమడలేదు, బయటికొచ్చేసింది. నడుం దగ్గర చెయ్యి పట్టేంత సందు. తువ్వాలు లాగి చూస్తే ఆయన కాదు. కోవూరు నుంచి వచ్చే వేరే పెద్దాయన, తుంటి ఎముక నొప్పితో రెండు రోజులుగా బెంచీ మీద మూలుగుతున్నాడు, ఆయన సమయం సాయంత్రం నాలుగింటికి. మా దగ్గర ఫోటో చూసి, పుట్టినరోజు అడిగి గాని మీట నొక్కం, కాబట్టి నొక్కేదాకా రాదు. కానీ రాదని తెలిసినా గుండె వినదు కదా.

బయటికి ఉరికినాను. ఈయన గోడకి ఆనుకుని నిలబడి, చేతిలో దారం ముక్కకి ముడి వేస్తున్నాడు.

"ఏం పనయ్యా ఇది? ఏం పని?"

"ఆయన తట్టుకోలేకుండాడమ్మా. నా వంతు ఆయనకిచ్చినా. ఆయన వంతుకి సాయంత్రం నేను పోతా. మేమిద్దరం అనుకున్నాం లే."

దాంట్లో తప్పేముందో ఆయనకి నిజంగానే తెలీదు. వాళ్ళ నీళ్ళల్లో ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ వల కట్టరు. ఊరంతా కూర్చుని చీట్లేసి, ఏ రోజు ఏ తావు ఎవరిదో తేలుస్తారు. ఆ రోజు ఆ తావు ఆ మనిషి వంతు. ఒంట్లో బాగాలేకపోతే తమ్ముడో బామ్మర్దో దిగొచ్చు, పడిన రొయ్య మాత్రం వంతు గలవాడిదే. తర్వాత ఆ దిగినవాడికి ఏదన్నా అయితే ఈ వంతు గలవాడు దిగాల. వాళ్ళ తాతల నాటి నుంచి అదే నడక. ఆసుపత్రి హాల్లో వరస కూడా అట్టాంటిదే అనుకున్నాడు.

నేను నోటికొచ్చింది తిట్టి, తర్వాత గొంతు తగ్గించి చెప్పినాను. "ఇది నీ ఒంటికి కొలత తీసి కుట్టిన చొక్కా అన్నా. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఒప్పుకోదు. ఇంకో మనిషికి తొడిగితే ఆయన పేగుల్ని కాల్చి ఉండేది."

ఆయన దారం జేబులో పెట్టుకున్నాడు. ఆ కోవూరు పెద్దాయన దగ్గరికి పోయి, కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోడం నేను మొదటిసారి చూసినాను. "తెలీక చేసినా పెద్దాయనా" అన్నాడు. డాక్టరు గారికి చెప్పి, ఆ పెద్దాయన్ని మధ్యాహ్నానికి ముందుకు జరిపిచ్చినాను. ఈయన అది చూసి, "అడిగితే జరిగేదే కదా, నేను అడగనే లేదు" అని తలకాయ కొట్టుకున్నాడు. అడగడం ఆయనకి చేతకాదు. ఇయ్యడమే తెలుసు.

ఐదూ అయిపోయినాయి. "వారం తర్వాత మాత్ర మొదలుపెట్టు" అని డాక్టరు గారు చెప్పినారు, చీటీ మీద రాసినారు, నేను ఇంకోసారి చెప్పినాను. తల ఊపినాడు.

నెల తర్వాత రివ్యూకి వచ్చినాడు. వరండాలో నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడు. అరచేతులు నున్నగా ఉన్నాయి. పొక్కు లేదు, పగులు లేదు, తోలు మళ్ళీ కట్టింది. వేళ్ళ మడతల దగ్గర తాడు కోసిన సన్న గీతలు మాత్రం ఉన్నాయి. "ఏందన్నా, చేతులు బంగారంలాగా అయినాయే" అన్నాను. అప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ చేతులు పట్టుకుని చూసినాను కూడా. పట్టుకుని చూస్తా ఉండగానే తెలిసింది. మాత్ర వేసుకునే మనిషి చేతులు కావు అవి.

మెట్ల కింద నీళ్ళ ఫిల్టరు దగ్గరికి లాక్కుపోయినాను. "మొదలుపెట్టలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"అమావాస్య వంతు ఉండాదమ్మా, రొయ్య బాగా పడే రోజు. నాది కాదు, మా బామ్మర్దిది. నాకు కిడ్నీ తీసేసిన ఏడాది వాడే నా వంతులన్నీ దిగినాడు. ఇప్పుడు వాడికి కాలు విరిగింది. ఆ పాత చేతుల్తో నేను దిగలేను. ఈ ఒక్క అమావాస్య పోనీ. మర్నాడే మొదలుపెడతా. డాక్టరు గారికి చెప్పొద్దు."

"ఇంకెవరూ లేరా ఊళ్ళో?"

"ఉండారు. కానీ నేను దిగాల."

నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టి ఉండాల్సింది ఆ నిమిషంలో. చెయ్యి పట్టుకుని డాక్టరు గారి గదిలోకి తోసి ఉండాల్సింది. తోయలేదు. "పది రోజులే కదా" అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ చేతులు చూసి నాకు ముచ్చటేసింది. దోమల జాలీ అల్లిన చేతులు, మళ్ళీ చేతుల్లాగా ఉన్నాయి. మళ్ళీ ఒలిచిపొమ్మని నేనే చెప్పాలంటే మనసొప్పలేదు. "మర్నాడే" అన్నాను వేలు చూపించి. "మర్నాడే" అన్నాడు. గదిలో డాక్టరు గారు "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగితే "ఆఁ" అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఫైల్లో అదే రాసినారు.

అమావాస్య పోయింది. ఒక ఫోన్ చేసి అడగాలని అనుకుంటాను, పనిలో పడిపోతాను. ప్రతిదానికీ నోరు పారేసుకునే నేను దానికి మాత్రం నోరు తెరవలేదు. అడిగితే లేదంటాడేమోనని భయం కూడా ఉండిందేమో.

ఆ తర్వాత రెండు నెలలకి స్కాన్ తీసినారు. డాక్టరు గారు సంబరంగా నన్ను పిలిచి తెర మీద చూపించినారు. "చూడమ్మా, నువ్వు కాల్చిన రెండూ చచ్చినాయి. వెన్నులోదీ, ఊపిరితిత్తిలోదీ." తర్వాత కిందికి జరిపి, ఆగి, "కానీ లివర్లో కొత్తవి వచ్చినాయి. పాతవి కూడా లేచినాయి. ఈ మాత్ర పనిచెయ్యడం మానేసింది. మార్చేద్దాం" అని పెన్ను తీసుకున్నారు.

ఆయన బల్ల కవతల నిలబడి నా ముఖమే చూస్తున్నాడు. చేతులు నున్నగానే ఉన్నాయి. పనిచేసే మాత్రని పనికిరాదని కొట్టేస్తున్నారు. ఇక ఊరుకోలేకపోయినాను.

"ఆయన వేసుకోవట్లేదు సార్. కరెంటు పెట్టినప్పట్నుంచీ వేసుకోవట్లేదు. చేతులు చూడండి."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి చేతులు చూసినారు. కోప్పడలేదు. రాసింది కొట్టేసి, మళ్ళీ అదే మాత్ర రాసినారు. "మంచి పని చేశావమ్మా, కనిపెట్టావు" అన్నారు నాతో. నేను ఆ రోజే కనిపెట్టినాననుకున్నారు. అనుకోనిచ్చినాను.

వరండాలోకి వచ్చినాక ఆయన అన్నాడు. "చెప్పేసినావా సిస్టరమ్మా. మంచిదే. నాకు నోరు రాలా." ఒక్క వంతుతో ఆగలేదంట. బామ్మర్ది కాలు అతకడానికి మూడు నెలలు పట్టింది, మూడు అమావాస్యలూ దిగినాడు. "పొద్దున లేచి చేతులు చూసుకుంటే మళ్ళీ ఆ మాత్ర నోట్లో పెట్టుకోబుద్ధి అయ్యేది కాదమ్మా" అన్నాడు. ఆ పొద్దు నించి మాత్రలు వేసుకున్నాడు, రెండుసార్లు రివ్యూకి వచ్చినాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని వచ్చినాడు. చిక్కిపోయినాడు. అయినా నిలబడే ఉన్నాడు. మూడోసారి రాలేదు.

ఆ ఫోన్ తర్వాత నాకు ఒక చోట నిలవబుద్ధి కాలేదు. వంట సగంలో వదిలేసి వాకిట్లోకి వస్తాను, ఎందుకొచ్చినానో తెలీదు. పోయిన ఆదివారం చర్చికి పోకుండా సూళ్ళూరుపేట బస్సెక్కినాను. ఎందుకు పోతున్నానో నాకు స్పష్టంగానే తెలుసు. "నాకు ముందే తెలుసక్కా. అరచేతులు చూసిన రోజే తెలుసు. రెండు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను" అని ఆమెతో చెప్పాల. ఆమె నన్ను నాలుగు తిట్టాల. తిట్లు పెట్టేదాన్నే గానీ తిట్లు కావాలని ఎక్కడికీ పోయినదాన్ని కాదు నేను.

బస్సు దిగి ఆటోలో పోయినాను. ఊళ్ళో అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆమె వాకిట్లో పట్టా మీద చేపలు ఎండేస్తా ఉంది. నన్ను ఎప్పుడూ చూడలేదు గానీ, "నేను నెల్లూరు ఆసుపత్రి నుంచి..." అనగానే, "సిస్టరమ్మవా?" అనింది. చెయ్యి కడుక్కుని, చాప వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. ఫోన్లో తిట్టినందుకు క్షమించమన్నాను. "ఆయన ఉంటే నవ్వేవాడు" అనింది. నేను చెప్పాల్సిన మాట కోసం గొంతు సవరించుకుంటున్నాను. ఈలోపు ఆమే మొదలుపెట్టింది.

"ఒక మాట అడగాల నిన్ను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలా. నా తమ్ముడి వంతుకి దిగాలని ఆయన అన్నప్పుడు మాత్రలు ఇప్పుడొద్దులే అనింది నేనే. తర్వాత కూడా నేనే. ఏడాది పైన ఆయనకి నేనే అన్నం కలిపి తినిపిచ్చినా. చెయ్యి కంచంలో పెడితే మంట. కరెంటు పెట్టినాక ఆ మూడు నెలలు ఆయన చేత్తో ఆయన తిన్నాడు. పులుసు కలుపుకుని, వేళ్ళు నాక్కుంటా తిన్నాడు. మాత్రల డబ్బా బియ్యం కుండ వెనకాల పెట్టినా. ఆయన అడగలా, నేను తియ్యలా." పట్టా మీద ఒక చేపని తిరగేసి, మళ్ళీ తిరగేసింది. "నువ్వు చదువుకున్నదానివి. ఆ మూడు నెలలు వేసుకునుంటే మనిషి ఉండేవాడా? నేను చంపుకున్నానా?"

ఉండేవాడేమో. ఇంకో ఏడాదో, రెండేళ్ళో. ఉండకపోయేవాడేమో. డాక్టరు గారిని అడిగితే ఆయన కూడా ఇంతకు మించి చెప్పలేరు. ఆమె నా ముఖం మీద నుంచి కళ్ళు తియ్యలేదు.

"లేదక్కా" అన్నాను. "వేసుకున్నా ఉండేవాడు కాదు. ఆ మాత్ర అప్పటికే పనిచెయ్యడం మానేసింది." బల్ల మీద మనిషిని కదలొద్దనే గొంతుతోనే చెప్పినాను. ఆ గొంతుకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది. "బతికిచ్చినావు తల్లీ" అనింది.

ఇక నా మాట నేనెట్టా చెప్తాను? నేను దాచింది తప్పయితే ఆమె దాచిందీ తప్పే. నాది చెప్పుకుంటే ఆమెకిచ్చిన జవాబు వెనక్కి లాక్కున్నట్టే. అన్నం తిని పొమ్మంటే తిన్నాను. ఆమె వడ్డిస్తా ఉంటే, నేను వచ్చిన పని ఇక ఎవరి దగ్గరా చెయ్యలేనని తెలుస్తా ఉంది. తిట్టాల్సిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె నన్ను తిట్టదు.